ఉపమానం తెచ్చిన చిక్కు

వస్తువు గొప్పదైతే రచన గొప్పదే అన్న వాదన మన గోష్ఠుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఈమధ్య ఒక మిత్రుడు దానికి ఉపమానం కూడా జోడించాడు: ఇనుములో అయస్కాంతత్వం ఉన్నట్టే వస్తువులో శక్తి ఉంటుందట! తెలుగు పంతుల్ని గనుక మా బడి సైన్సు మాస్టారిని ఆశ్రయించాను.

మా పెద్దవూరలో వానకు కొట్టుకొచ్చిన ఇసుకలో అయస్కాంతం తిప్పితే నల్లటి రేణువులు అంటుకొస్తాయి. పిల్లలందరికీ తెలిసిన ఆటే. ఆ నలుపు మాగ్నెటైటు, ఫెర్రైటు కుటుంబానిదే. ప్రయోగశాలలో రెండు రకాల ఇనుప లవణాలను ఒకటికి రెండు పాళ్లలో కరిగించి క్షారం పోస్తే అదే నల్లటి మడ్డిగా దిగుతుంది. క్షారమెంత, వేడి ఎంత, గాలి తగిలిందా లేదా అన్నదాన్నిబట్టి రేణువు మారుతుంది. అది సుమారు 20 నానోమీటర్లకన్నా సన్నగిల్లితే, గది వేడికే దాని అయస్కాంత దిశ నిలకడ తప్పుతుంది. పక్కన మరో అయస్కాంతం ఉన్నంతసేపే దాని ప్రతాపం. (నానోమీటరంటే మిల్లీమీటరులో 10 లక్షలవ వంతు.)

అసలు చిక్కు జింకు ఫెర్రైటుతో వచ్చింది. దాని స్ఫటికంలో లోహానికి రెండు రకాల గదులు: నాలుగు ఆక్సిజన్ల నడుమ ఒకటి, ఆరింటి నడుమ మరొకటి. బాగా కాల్చి నిదానంగా చల్లారిస్తే జింకు మొదటి గదుల్లో, ఇనుము రెండో గదుల్లో కుదురుకుంటాయి. ఆ పొడిని అయస్కాంతం లెక్కచేయదు. అదే పదార్థాన్ని తక్కువ వేడిలో నానో రేణువులుగా దించితే కొంత ఇనుము, కొంత జింకు గదులు మార్చుకుంటాయి. రెండు గదుల్లోని ఇనుము ఎదురెదురు దిశల్లో నిలుస్తుంది. బలాలు సమానం కావు గనుక శేషం మిగులుతుంది. ఆ శేషమే అయస్కాంతత్వం. ఈ ఎదురు నిలకడను 1948లో వివరించిన లూయీ నీల్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది.

పాళ్లు మారలేదు, గుణం మారింది. పరిమాణం మారితే గుణం మారుతుందని చప్పున సూత్రం వల్లించేవాళ్లకూ ఇక్కడ ఇబ్బందే. ఒకే పరిమాణపు రేణువులు కూడా తయారైన తీరునుబట్టి వేరు బలం చూపుతాయి. ఎవరు ఏ గదిలో ఉన్నారన్నది కూడా లెక్కే. పరమాణువుకు సంకల్పం లేదు, రచయితకు ఉంది. ఈ పోలికను అంతకుమించి లాగను.

రెండేళ్ల కిందట ఒక కుర్రవాడి కథను, ఇందులో రైతు లేడు గదా అని తిప్పి పంపాను. రైతు ఉన్నాడు. తాలూకా ఆఫీసు వరండాలో, గుమాస్తా మాటల వెనకాల, నోరు విప్పకుండా నిలబడి ఉన్నాడు. నేను వెతికింది పొలంలో. ఆ కుర్రవాడు మళ్లీ కథ పంపలేదు.