కాయకష్టం ఎముకను కాపాడుతుందా?

మహబూబాబాద్ జిల్లా బయ్యారం మండలంలోను, దాని చుట్టూ ఉన్న ఏజెన్సీ పల్లెల్లోను నాట్లు, కలుపుతీత, మిరపకాయ ఏరడం, పత్తి తీయడం, వేసవి రాగానే తునికాకు కోసి కట్టలు కట్టడం వంటి పనులు చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదుగానే సాగుతాయి కనుక, ఇంతగా ఒళ్లు వంచి పనిచేసేవారికి ఎముకల బలహీనత రాదని, అది కూర్చుని తినే పట్నంవారి జబ్బని అనుకోవడం సహజం. పరిశోధన చెబుతున్నది ఇందుకు భిన్నంగా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు 30 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న 289 మంది పేద మహిళల ఎముకలను పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, వారిలో దాదాపు 29 శాతం మందికి తుంటి దగ్గర తొడ ఎముక మెడభాగం అప్పటికే గుల్లబారి ఉంది. వారి ఆహారంలో రోజుకు అందుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములు మాత్రమే.

ఎముకలు గుల్లబారడాన్నే వైద్యులు ఆస్టియోపోరోసిస్ అంటారు. ఎముక జీవమున్న కణజాలం. ఆస్టియోక్లాస్టులు అనే కణాలు పాతబడిన భాగాన్ని కరిగిస్తూ ఉంటే, ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు ఆ ఖాళీలో కొత్త ఎముకను పేరుస్తూ ఉంటాయి. ముప్పై ఏళ్లు వచ్చేదాకా పేర్చేది ఎక్కువగా ఉండి, ఆ తర్వాత కొన్నేళ్లు రెండూ సమానంగా నడిచి, చివరకు కరిగేదే ఎక్కువవుతుంది. అప్పుడు తేనెపట్టులా అల్లుకుని ఉండే లోపలి భాగంలో గోడలు పలచబడి, కొన్ని తెగిపోయి, చిన్న దెబ్బకే ఎముక విరిగే స్థితి వస్తుంది. మోకాళ్ల అరుగుదల ఇది కాదు. అరుగుదల కీలులోని మృదులాస్థికి సంబంధించినది, నడిస్తే నొప్పి పెడుతుంది. గుల్లబారిన ఎముక మాత్రం విరిగేదాకా ఏ నొప్పీ చెప్పదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి నొప్పి బిళ్లలతో సరిపెట్టుకోవడం వల్ల అసలు జబ్బు ఏళ్ల తరబడి బయటపడకుండా పోతున్నది.

జబ్బును కొలిచే ప్రధాన సాధనం డెక్సా అనే స్కాన్. చాలా తక్కువ మోతాదు ఎక్స్‌రే కిరణాలతో నడుములోను తుంటిలోను ఎముక సాంద్రతను కొలిచి, ఆరోగ్యవంతమైన యువతుల సగటుతో పోల్చి, ఆ తేడాను టీ-స్కోరు అనే అంకెగా చెబుతారు. ఆ అంకె మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్‌గా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించింది. అయితే నిలబడిన ఎత్తు నుంచి జారిపడినంత మాత్రానికే తుంటిగాని, వెన్నుపూసగాని విరిగిన మనిషికి స్కాన్ అందుబాటులో లేకపోయినా జబ్బు ఉన్నట్టే లెక్క. పెద్ద ఊరికి పోలేదన్న కారణంతో చికిత్స ఆగవలసిన పని లేదు.

తెలుగు నేలమీద ఈ జబ్బుకు ప్రత్యేకమైన కారణం ఒకటి ఉంది, దాని గురించి జరగవలసినంత చర్చ జరగడం లేదు. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎముకను కరిగించే కణాల జోరును అదుపులో పెడుతుంది. ముట్టు ఆగిపోయాక ఆ హార్మోను తగ్గి, తర్వాతి కొన్నేళ్లలో ఎముక వేగంగా కరుగుతుంది. ముట్టు ఆగడం సహజంగా నలభై అయిదు, యాభై ఏళ్ల మధ్య జరగవలసినది. కాని 2015-16 నాటి నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీసివేయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారని తేలింది. గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. అండాశయాలను ఉంచినా అవి కొన్నేళ్లు ముందుగానే పనిచేయడం మానే అవకాశం ఎక్కువ. ముప్పై అయిదేళ్లకే ఈ ఆపరేషన్ జరిగిన కూలిమనిషికి నలభై అయిదు వచ్చేసరికి అరవై ఏళ్లావిడకు ఉండే ఎముకలు ఉండవచ్చునన్న సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పవలసినది, ఆ తర్వాతనైనా ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని పరీక్ష చేయించవలసినది. గర్భసంచి ఆపరేషన్ అయిన ప్రతి స్త్రీ, ఎంత వయసులో అయింది, అండాశయాలు ఉంచారా తీశారా అన్న వివరాలున్న కాగితాన్ని దాచుకోవడం మంచిది. చిన్న వయసులోనే ఈస్ట్రోజెన్ పోయినవారికి, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు వంటి అడ్డంకులు లేకపోతే, సహజంగా ముట్టు ఆగే వయసు వచ్చేదాకా ఆ హార్మోనునే మందుగా ఇచ్చే విషయాన్ని వైద్యులు పరిశీలిస్తారు.

రెండవ కారణం తిండి. ముట్టు ఆగిన స్త్రీకి రోజుకు సుమారు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు కింద శతాబ్దాలుగా పండుతున్న వరి కడుపు నింపుతుందే గాని, బియ్యంలో కాల్షియం నామమాత్రమే. వంద గ్రాముల తైదల్లో, అంటే రాగుల్లో, దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది; గ్లాసు పాలల్లోనో పెరుగులోనో 250కి అటూ ఇటూగా ఉంటుంది; నువ్వులు, మునగాకు, ముళ్లతో సహా నమిలి తినే చిన్న చేపలు కూడా మంచి ఆధారాలే. ఇక ఆ కాల్షియాన్ని పేగుల నుంచి ఒంటికి పట్టించే విటమిన్ డి సంగతి మరీ ఆశ్చర్యకరం. తిరుపతి పరిసరాల్లో సి.వి. హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఎండకు కొదవలేని పల్లెల్లోనే దాదాపు 70 శాతం మహిళలకు విటమిన్ డి లోపం కనిపించింది. ఎండలో ఉండడం వేరు, ఎండ చర్మానికి తగలడం వేరు. చేలో దిగేటప్పుడు చీర మీద నిండు చేతుల చొక్కా తొడిగి, తలకూ ముఖానికీ గుడ్డ చుట్టుకోవడం వడదెబ్బ నుంచి కాపాడుతుంది గాని, ఆ విటమిన్ తయారీకి కావలసిన కిరణాలను కూడా ఆపేస్తుంది.

అయినా అంత శ్రమ ఎముకకు వ్యాయామం కాదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులే బీడీలు చుట్టేవారిని, వీధులు ఊడ్చేవారిని, భవన నిర్మాణ కూలీలను పోల్చి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మూడు పనుల మధ్య అంత తేడా ఉన్నా తుంటి ఎముక సాంద్రతలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. తిండి చాలని ఒంటి మీద పడిన బరువు ఎముకను పెంచదన్నది దీన్ని బట్టి తీసుకోదగిన తాత్పర్యం. పైగా పొలం పనిలో వెన్ను గంటల తరబడి ముందుకే వంగి ఉంటుంది. ముందుకు వంగినప్పుడు వెన్నుపూసల ముందుభాగం నలుగుతుంది, గుల్లబారిన పూస నలిగితే ముందువైపు కుంగి, మనిషి గూని పోతుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో సినాకి, మికెల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు వెన్ను గుల్లబారిన 59 మంది స్త్రీలపై 1984లో ప్రకటించిన అధ్యయనం చిన్నదే అయినా నేటికీ గుర్తుంచుకోదగినది: వెన్నును వెనక్కి చాచే వ్యాయామాలు చేసినవారిలో 16 శాతం మందికి కొత్తగా పూసలు విరిగితే, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి విరిగాయి. కాబట్టి ఈ జబ్బు ఉన్నవారు నిలబడి కాలివేళ్లు ముట్టుకోవడం, వెల్లకిలా పడుకుని ఒక్క ఉదుటున లేవడం, నడుమును బలంగా మెలితిప్పడం వంటివి యోగా పేరుతోనైనా చేయకూడదు.

చేయవలసినవాటికి ఖరీదైన సాధనాలు అక్కరలేదు. చేతుల ఆసరా లేకుండా కుర్చీలో నుంచి లేచి మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం తొడలకు, తుంటికి బలాన్నిస్తుంది. గడప పక్కన దర్వాజా పట్టుకుని మడమలెత్తి దించడం పిక్కలకు, నిలకడకు మంచిది. గోడకు చేతులానించి ఒంటిని దగ్గరికి తెచ్చి వెనక్కి నెట్టడం వల్ల మణికట్టుకు, భుజానికి పని దొరుకుతుంది. బోర్లా పడుకుని, చేతులు పక్కన ఉంచి, ఛాతీని కొద్దిగా పైకెత్తి కొన్ని క్షణాలు నిలపడం వెన్ను కండరాలకు అన్నిటికంటే అవసరమైన కసరత్తు. మంచం పట్టె పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం తూలి పడకుండా కాపాడుతుంది. వీటిని వారానికి రెండు మూడు రోజులు, ఒక్కొక్కటి పదిసార్లతో మొదలుపెట్టి, సులువనిపించిన కొద్దీ చేతుల్లో నీళ్ల సీసాలో, ఇసుక సంచులో పట్టుకుని బరువు పెంచుకుంటూ పోవాలి. బరువు పెరగకపోతే ఎముక స్పందించదు. నడక గుండెకు మంచిదే అయినా ఒక్క నడకతోనే ఎముక సాంద్రత పెరుగుతుందని ఆశించడం తగదు. ఆస్ట్రేలియాలో ఎముకలు పలచబడిన 101 మంది స్త్రీలలో సగం మందిచేత శిక్షకుల పర్యవేక్షణలో ఎనిమిది నెలలపాటు వారానికి రెండుసార్లు అరగంట చొప్పున పెద్ద బరువులు ఎత్తించగా, వారి నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, తేలికపాటి కసరత్తు చేసినవారిలో 1.2 శాతం తగ్గింది. అంత బరువులను ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించకూడదు. అప్పటికే పూసలు విరిగినవారు ఫిజియోథెరపిస్టు చూపించిన తర్వాతే ఏ కసరత్తయినా మొదలుపెట్టాలి. పొలం పని మానడం అందరికీ సాధ్యం కాదు కనుక, నిండు బిందె ఎత్తేటప్పుడు నడుము కాకుండా మోకాళ్లు వంచి బిందెను ఒంటికి దగ్గరగా తెచ్చుకోవడం, ఇంట్లో పొడవు కర్ర కట్టిన చీపురు వాడడం, నాటు మధ్యలో తరచుగా లేచి వెన్ను నిటారుగా చాపడం వంటివైనా అలవాటు కావాలి.

మందుల విషయంలో మొదట గ్రహించవలసినది, కాల్షియం బిళ్లలు ఎముకకు సరుకు మాత్రమే, జబ్బు ముదిరాక అవి ఒక్కటే చాలవు. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ బిళ్లలో అసలు కాల్షియం 500 మాత్రమే ఉంటుంది, దాన్ని భోజనంతో వేసుకుంటే బాగా పడుతుంది. విటమిన్ డి కూడా ఎంత ఎక్కువైతే అంత మేలన్నది నిజం కాదు. డెబ్బై దాటిన స్త్రీలకు ఏడాదికి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా పరిశోధనలో, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ తగ్గకపోగా పెరిగాయని 2010లో తేలింది.

అసలు చికిత్సలో ముందువరుసలో నిలిచేవి బిస్‌ఫాస్ఫొనేట్లు. ఇవి ఎముకను కరిగించే కణాలను నెమ్మదింపజేస్తాయి. వీటిలో అలెండ్రొనేట్ 70 మిల్లీగ్రాముల బిళ్లను వారానికి ఒక్కసారి, పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంటపాటు పడుకోకుండా, చాయ్ సైతం తాగకుండా ఉండాలి. పడుకుంటే బిళ్ల అన్నవాహికలో నిలిచి పుండు చేస్తుంది. చాయ్‌తోనో కాల్షియం బిళ్లతోనో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టకుండానే పోతుంది. పద్ధతిగా వాడినప్పుడు ఫలితం గట్టిది: అప్పటికే వెన్నుపూస విరిగిన స్త్రీలలో ఈ మందు తుంటి ఎముక విరిగే ప్రమాదాన్ని దాదాపు సగానికి తగ్గించిందని 1996లో ప్రచురితమైన పెద్ద పరిశోధన నిరూపించింది. ప్రతి వారం ఈ నియమం పాటించలేనివారికి జోలెడ్రోనిక్ ఆసిడ్‌ను ఏడాదికి ఒక్కసారి సెలైన్‌తో నరానికి ఎక్కిస్తారు. ఎక్కించిన మరునాడు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. ఈ మందులకు ముందు మూత్రపిండాల పనితీరు, రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూడాలి. పాడైన పళ్లు ఉంటే ముందే తీయించుకోవాలి, ఎందుకంటే చాలా అరుదుగా దవడ ఎముక దెబ్బతినవచ్చు. ఏళ్ల తరబడి వాడేవారిలో తొడ ఎముక అసాధారణంగా విరగడం కూడా అరుదుగా జరుగుతుంది కనుక, బిళ్లలు అయిదేళ్లు, సూది మూడేళ్లు అయ్యాక ప్రమాదం తక్కువగా ఉన్నవారికి వైద్యులు విరామం ఇస్తారు.

ఆరునెలలకొకసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ విషయం దీనికి పూర్తిగా భిన్నం: దానికి విరామం ఉండదు. రోగి డబ్బులు లేకనో, బాగుందనుకునో దాన్ని ఆపేస్తే, ఆగిన కొద్ది నెలలకే ఎముక వేగంగా కరిగి ఒకటికి మించి వెన్నుపూసలు విరిగిన సందర్భాలు ఉన్నాయి. ఆపవలసివస్తే వెంటనే బిస్‌ఫాస్ఫొనేట్ మొదలుపెట్టాలి. కనుక ఊరు దాటి వెళ్లి సూది వేయించుకోవలసిన మనిషికి ఇది మొదటి ఎంపిక కావడం అంత సముచితం కాదు. మరీ తీవ్రంగా గుల్లబారినవారికి కొత్త ఎముకను పేర్చే టెరిపారటైడ్ ఉంది. రోజూ సూది, సాధారణంగా రెండేళ్లకు మించకుండా, ఆ తర్వాత మరో మందుతో కొనసాగింపు.

సాంద్రత పెరగడమే బలం కాదనడానికి నల్లగొండ ఫ్లోరైడ్ బాధితుల ఎముకలే సాక్ష్యం. ఫ్లోరైడ్ వల్ల ఎక్స్‌రేలో ఎముక మరింత దట్టంగా కనిపించవచ్చు. ఆ గుణాన్ని చూసే ఒకప్పుడు సోడియం ఫ్లోరైడ్‌ను ఈ జబ్బుకు మందుగా ప్రయోగించగా, నడుము ఎముక సాంద్రత గణనీయంగా పెరిగినా, వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంతగా తగ్గకపోగా ఇతర ఎముకలు ఎక్కువగా విరిగాయని 1990లో తేలింది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లవారి స్కాన్ అంకెలను వైద్యులు జాగ్రత్తగా చదవవలసి రావడానికి కారణం ఇదే.

కీళ్లనొప్పులకు, ఆయాసానికి వాడే స్టెరాయిడ్ల గురించి ఒక హెచ్చరిక అవసరం. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటివి వేసిన పూటకే నొప్పిని మాయం చేస్తాయి కనుక పల్లెల్లో వీటికి ఆదరణ ఎక్కువ. కాని నెలల తరబడి వాడితే మగవాళ్ల ఎముకలు కూడా గుల్లబారతాయి. పేరు తెలియని నొప్పి సూదిని, పొట్లంలో కట్టిచ్చిన బిళ్లలను అడగకుండా తీసుకోకూడదు. వైద్యుడు రాసిన స్టెరాయిడ్‌ను మాత్రం ఉన్నట్టుండి మానకూడదు. గుల్లబారిన ఎముక పడిపోయినప్పుడే ఎక్కువగా విరుగుతుంది కనుక, చూపు మందగించి పడిపోయేవారికి 2018లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కంటి వెలుగు వంటి పరీక్షలు, శుక్లాల ఆపరేషన్లు కూడా ఎముకల చికిత్సలో భాగమే.

ఇన్నింటిలో చేజారుతున్న పెద్ద అవకాశం తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరిన రోజున ఉంది. రాడ్ వేసి, కుట్లు విప్పి ఇంటికి పంపడంతో చికిత్స పూర్తయినట్టు అటు కుటుంబమూ ఇటు చాలాచోట్ల వైద్యమూ భావిస్తున్నాయి. తుంటి ఆపరేషన్ అయిన మూడు నెలలలోపు జోలెడ్రోనిక్ ఆసిడ్ ఎక్కించినవారిలో కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయని 2007లోనే రుజువైంది. అందువల్ల డిశ్చార్జి కాగితం చేతికి వచ్చేటప్పుడు, అందులో ఎముక గుల్లబారడానికి మందు రాశారా, రాయకపోతే ఎందుకు రాయలేదు, ఎన్నాళ్ల తర్వాత కసరత్తు మొదలుపెట్టాలి అన్న మూడు ప్రశ్నలను ఇంటివారు అక్కడికక్కడే అడగాలి. మణికట్టు విరిగి పిండికట్టు వేయించుకున్న యాభై ఏళ్ల స్త్రీ విషయంలోనూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి.