ఆటుపోట్లు చూసుకుని మడ అడవికి వెళ్దాం
సెలవు రోజు ఉదయం ఇంటిల్లిపాదీ హాయిగా నడిచి రావడానికి ఓ ప్రణాళిక

మదీనత్ అల్ షమాల్: ఖతార్‌లో వారాంతం అంటే చాలా తెలుగు ఇళ్లలో మాల్, సినిమా, లేదంటే ఎవరింట్లోనో భోజనాలు. నవంబరు నుంచి మార్చి దాకా వాతావరణం చల్లగా ఉన్నా పిల్లలు ఏసీ గదులు దాటి బయట నడిచేది తక్కువే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలదీ అదే పరిస్థితి. ‘ఈ ఇసుకలో ఎక్కడికని నడుస్తాం?’ అనే మాట తరచూ వినిపిస్తుంది. నది ఒక్కటి కూడా లేని ఈ దేశంలో చెరువు గట్టున చెట్ల నీడలో నడక కుదరదు కానీ, దానికి దగ్గరగా ఉండేది ఒకటుంది. అది ఉప్పునీటి పాయల పక్కన పెరిగిన మడ అడవి.

ఎక్కడ ఉంది?

దేశంలో పేరున్న మడ అడవులు అల్ ఖోర్, అల్ థఖీరా తీరంలో ఉన్నాయి. షమాల్ నుంచి కారులో దక్షిణంగా సుమారు గంట ప్రయాణం. దోహా నుంచి వచ్చేవారికీ దాదాపు అంతే దూరం. అంటే షమాల్, రువైస్‌లలో ఉన్నవారూ దోహాలోని బంధుమిత్రులూ కలుసుకోవడానికి ఇది సరిగ్గా మధ్యదారి. అరబిక్‌లో ‘ఖోర్’ అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఇక్కడే పర్పుల్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. దీనికే బిన్ ఘన్నామ్ దీవి అని మరో పేరు. మూడు వేల ఏళ్లకు పూర్వం ఇక్కడ సముద్రపు నత్తల నుంచి ఊదా రంగు తీసేవారని పురావస్తు తవ్వకాల్లో దొరికిన గుల్లల కుప్పలు తేల్చాయి. ఆ పేరు రావడానికి కారణం అదే. చెక్క నడకదారి ఉంది కాబట్టి పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఇబ్బంది లేకుండా తిరగవచ్చు.

ముందు చూడాల్సింది నీళ్లు

మామూలుగా విహారానికి వెళ్లేటప్పుడు ఎండ, ట్రాఫిక్ చూసుకుంటాం. ఇక్కడ మొదట చూడాల్సింది ఆటుపోట్లు. పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు చెట్ల మొదళ్లను ముంచేస్తాయి. ఆటు మీద ఉన్నప్పుడు బురద నేల బయటపడి వేర్లు, పీతలు, పక్షులు కనిపిస్తాయి. పిల్లలకు నచ్చేది ఈ రెండోదే. నీరు బాగా వెనక్కి తగ్గే సమయం ఆన్‌లైన్‌లో ఆటుపోట్ల పట్టికలో దొరుకుతుంది. దానికి గంట ముందు నడక మొదలుపెట్టి, నీరు తిరిగి ఎక్కడం మొదలయ్యేలోగా వెనుదిరగండి.

ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున జరుగుతాయి. వారం తిరిగేసరికి దాదాపు ఆరు గంటల తేడా వస్తుంది. కాబట్టి ఈ శుక్రవారం ఉదయం తొమ్మిదికి పోటు ఉంటే నిరాశ పడనక్కర్లేదు. వచ్చే శుక్రవారం ఆ వేళకు ఆటు ఉండే అవకాశం ఎక్కువ. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ కూడా ఇక్కడ పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా వెనక్కి పోయి, అంతే జోరుగా తిరిగొస్తుంది. అష్టమి దగ్గర ఆ జోరు తక్కువ. పిల్లలతో మొదటిసారి వెళ్లేవారు అమావాస్య, పౌర్ణమికి రెండు రోజులు అటూ ఇటూ మానుకుంటే మంచిది.

ఎంత దూరం? ఏ వేళ?

నడక ఎంతసేపన్నది అందరికంటే చిన్నవాళ్ల కాళ్లు చెప్పాలి. అయిదేళ్ల పిల్లలుంటే రానూపోనూ రెండు కిలోమీటర్లు చాలు. ఈ చెట్లు పొట్టివి, నీడ పెద్దగా ఉండదు. అందుకే ఉదయమే మేలు. జనవరిలో ఆరున్నర లోపే తెల్లవారుతుంది. ఏడింటికి ఇల్లు కదిలితే ఎనిమిదిన్నర లోపు నడక మొదలుపెట్టి, పదిన్నరకల్లా కారు దగ్గరకు చేరుకోవచ్చు. సాయంత్రం వెళ్దామనుకుంటే ఆ నెలలో అయిదింటికే పొద్దు గుంకుతుందని మరవకండి. మే నుంచి సెప్టెంబరు వరకు ఈ ఆలోచనే వద్దు.

శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళ దుకాణాలు మూసి ఉంటాయి. పెట్రోలు, మంచినీళ్లు, మరుగుదొడ్డి అవసరాలు వెళ్లేటప్పుడు దారిలోనే చూసుకోవాలి. టిఫిన్‌కు పులిహోర, దద్దోజనం తీసుకెళితే చాలు. తిన్న తర్వాత ప్లేట్లు, కవర్లు మళ్లీ సంచిలోకే చేరాలి.

పిల్లలకు ఏం చూపించాలి?

ఇక్కడ సహజంగా పెరిగేది ఒక్క జాతి మడ చెట్టే. మన కాకినాడ దగ్గరి కోరింగ అడవిలో తెల్లమడ అని పిలిచేది ఇదే. బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చిన వేర్లను చూపించి, చెట్టు వాటితోనే గాలి పీలుస్తుందని చెప్పండి. ఆకును తెంపకుండా దగ్గరగా చూడమనండి. చెట్టు బయటకు నెట్టేసిన ఉప్పు దాని మీద సన్నగా మెరుస్తూ ఉంటుంది. చలికాలంలో ఫ్లెమింగోలూ వస్తాయి. పులికాట్ సరస్సులో చూసినవాళ్లు తాతయ్యలైతే మనవళ్లకు ఆ కథ చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఇలా రెండు ఊళ్లూ ఒక్క చెట్టు దగ్గర కలిస్తే పిల్లలు సొంత ఊరిని ఫొటోల్లోనే కాక కళ్లెదుటి ఆకులోనూ చూస్తారు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

పిల్లలను చెక్క దారి దిగనివ్వకండి. బురద పైకి గట్టిగా కనిపించినా మోకాలి దాకా దిగబడుతుంది. చెప్పులు కాకుండా వెనుక పట్టీ ఉన్న బూట్లు వేయించండి. తీరం వెంబడి తెల్లగా, చదునుగా కనిపించే ఉప్పు నేలను ఇక్కడ ‘సబ్‌ఖా’ అంటారు. పైపొర కింద తడి ఉంటుంది కాబట్టి కారు కూరుకుపోతుంది. తారు రోడ్డు, పార్కింగ్ స్థలం దాటి బండి దించకండి. మనిషికి కనీసం లీటరు నీళ్లు, టోపీలు, చిన్న మందుల సంచి దగ్గర ఉంచుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఉన్నవారికో స్నేహితులకో చెప్పండి. అత్యవసరమైతే 999కి ఫోన్ చేయాలి. కొమ్మలు విరవడం, గుడ్లు పెట్టిన పక్షుల దగ్గరకు వెళ్లడం వద్దు.

నీళ్ల వేళ కలవకపోతే?

ఆ రోజును వృథా చేసుకోనక్కర్లేదు. షమాల్ నుంచి నైరుతి దిక్కుగా అరగంట లోపే అల్ జుబారా ఉంది. 1938లో కట్టిన కోట, దాని పక్కనే ముత్యాల వ్యాపారంతో బతికిన పాత పట్టణం శిథిలాలు అక్కడ చూడవచ్చు. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఖతార్ నుంచి మొదట చేరిన చోటు ఇదే. మడ అడవిని మరో వారానికి ఉంచుకోండి.

ఈ వారమే నలుగురూ కూర్చుని క్యాలెండర్, ఆటుపోట్ల పట్టిక పక్కపక్కన పెట్టి తేదీ ఖాయం చేయండి. లెక్క చూసే పని పిల్లలకే అప్పగిస్తే, ఆ రోజు ఉదయం వాళ్లను నిద్ర లేపాల్సిన పని కూడా ఉండదు.