గోడ కూలినది, కట్టించవలసినది ఎవరు?

మన పల్లెలలో ఇండ్ల కట్టుబడి జోరుగా సాగుచున్నది. ఒకప్పుడు ఎడ్లబండి మాత్రమే తిరిగిన సందులలోనికి నేడు ఇసుక ట్రాక్టర్లు, కంకర టిప్పర్లు వెనుకకు నడుచుకొనుచు వచ్చుచున్నవి. పది చక్రాల టిప్పరుకు సరుకుతో కలిపి చట్టము అనుమతించిన బరువే 28.5 టన్నులు. అది మలుపు తిరుగునప్పుడు పక్కింటి ప్రహరీ పడును, కాలువ మీది బండలు విరుగును, కుళాయి గొట్టము పగులును. తరువాత జరుగునది అందరికి తెలిసినదే. డ్రైవరును క్రిందికి దింపి, చొక్కా పట్టుకొని, బండి తాళము లాగుకొందురు.

ఆ డ్రైవరు చాలసార్లు దినకూలికి వచ్చిన కుర్రవాడు. గోడ ఖర్చు అతని రెండు మూడు నెలల కూలి కావచ్చును. అజాగ్రత్త అతనిదే అయినను, పనిలో ఉండగా చేసిన నష్టమునకు బండి యజమాని కూడ జవాబుదారి అని మన న్యాయస్థానములు ఎప్పటినుండియో చెప్పుచున్నవి. నిర్గమకాండము 21వ అధ్యాయము చివర పొడిచే ఎద్దును గూర్చిన విధి చూడండి. దాని గుణము తెలిసియు కట్టివేయనివాడు పొరుగువాని ఎద్దు నష్టమును భరింపవలెను. బ్రేకులు సరిగా పట్టని బండిని, లైసెన్సు లేని పిల్లవానిని పంపిన యజమానికి ఈ మాట సూటిగా తగులును.

యజమాని జేబులోనుండియే తీయవలెనా? అక్కరలేదు. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము ప్రతి బండికి థర్డ్ పార్టీ బీమా ఉండి తీరవలెను. ఇతరుల ఆస్తి నష్టము కూడ అందులో చేరును. సరుకు బండ్లకు సాధారణముగా 7,50,000 రూపాయల వరకు ఉండును. ప్రీమియము కొంత తగ్గునని దానిని 6,000 రూపాయలకే కుదించుకొన్నవారు ఉన్నారు గనుక పాలసీ కాగితము చదివి చూడవలెను. ట్రాక్టరైతే ట్రాలీకి కూడ బీమా ఉన్నదా అని అడగవలెను. వ్యవసాయమునకని బీమా చేసి ఇసుక తోలిన బండి విషయములో కంపెనీ పేచీ పెట్టవచ్చును. అంతమాత్రమున యజమాని బాధ్యత తొలగదు. పడిన గోడను, బండి నంబరు కనిపించునట్లు, ఇటుకలు ఎత్తకముందే ఫోటో తీయించి పోలీసు స్టేషనులో వ్రాయించవలెను. పరిహారమునకు మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునలు ఉన్నది. 2019లో సవరించిన చట్టము దరఖాస్తుకు ఆరు నెలల గడువు పెట్టినది.

మరి ఇల్లు కట్టుకొనుచున్నవాని సంగతి ఏమి? సరుకు తెప్పించుకొన్నంత మాత్రమున సాధారణముగా చట్టము అతనిని పట్టదు. కాని సందు చాలదని డ్రైవరు మొరపెట్టుకొనుచున్నను, వెనుక నిలిచి “రా, రా, ఇంకా రా” అని చేయి ఊపినవాడు నాకేమియు సంబంధము లేదనుట మాకు న్యాయముగా తోచదు. ఒకే సంఘములోని రెండు కుటుంబములు ఇట్టి గోడ విషయమై మాటలు మాని, ప్రభువు బల్ల యొద్దకు ఒకరు వచ్చిన ఆదివారము మరియొకరు రాకుండుట మేము చూచినాము. బీమా సొమ్ము వచ్చువరకు ఆగక, ఇల్లు కట్టువాడే తన మేస్త్రీని రెండు దినములు అటు పంపియున్నయెడల అంత దూరము పోకపోవును. అట్లు ఇచ్చిన కూలిని, సామాను ఖర్చును బండి యజమాని యొద్ద అడుగుటకు రసీదులు ఉంచుకొనవలెను.

మందిరములు కట్టుచున్న సంఘములకు కూడ ఒక మాట. చుట్టుపట్ల ఇండ్లవారిలో అనేకులు మన విశ్వాసము వారు కారు. లోడు వచ్చు ముందురోజు కమిటీ పెద్దలు ఇరుప్రక్కల వారికి చెప్పిరావలెను. సందు ఇరుకైనచో కంకరను పెద్దరోడ్డు మీద అడ్డము లేని చోట దింపించి చిన్న ట్రాలీలతో మోయించుడి. ఆ కూలిని మొదటనే ఎస్టిమేటులో వ్రాసికొనుడి.