నీళ్లు రాకముందే గోతులు తవ్వుకుందాం

కువైట్ సిటీలోని ఎవాంజెలికల్ చర్చి ఆవరణ శుక్రవారం వస్తే కిటకిటలాడుతుంది. ఎన్నో భాషలవాళ్లు వంతులవారీగా అక్కడే ప్రార్థనలు చేసుకుంటారు. రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనోళ్ల కోరికలు దాదాపు ఒకటే. అకామా సాఫీగా రెన్యువల్ కావాలి, క్షేమంగా ఇంటికి చేరాలి.

అడగడం సరే. మరి జవాబు వచ్చేలోగా ఏం చేయాలి?

బైబిల్లో రాజులు రెండవ గ్రంథం 3వ అధ్యాయం చూడండి. ముగ్గురు రాజుల సైన్యం ఏడు రోజులు నడిచి నీళ్లులేక అల్లాడింది. లోయ నిండా గోతులు తవ్వమన్నాడు ఎలీషా ప్రవక్త. గాలి లేదు, మబ్బు లేదు. అయినా తవ్వారు. తెల్లారేసరికి ఎదోము వైపు నుంచి నీళ్లొచ్చాయి. ఎండలో గట్టినేల తవ్వడమంటే ఏమిటో మన సైటువాళ్లకు వేరే చెప్పాలా!

కువైట్ వాళ్లూ వానకోసం ప్రార్థిస్తారు. వానలు వెనకబడితే మసీదుల్లో ఇస్తిస్కా నమాజు జరుగుతుంది. 2018 నవంబరులో వాన కుండపోతగా కురిసింది. రోడ్లు మునిగాయి, విమానాలు ఆగాయి, పబ్లిక్ వర్క్స్ మంత్రి రాజీనామా చేశారు. వానైతే వచ్చింది గానీ, నీళ్లు పోయే దారి చాల్లేదు.

అకామా పోయినవాళ్లకు క్షమాభిక్ష కూడా అలాంటి వానే. 2018లో జనవరి 29 నుంచి ఏప్రిల్ 22 దాకా, 2020లో ఏప్రిల్ నెలంతా, 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 దాకా ఇచ్చారు. జరిమానా లేకుండా ఇంటికెళ్లే అవకాశమది. కానీ పాస్‌పోర్టు లేకపోతే ముందు ఎంబసీలో ఔట్‌పాస్ తీసుకోవాలి. కోర్టు కేసో, ట్రావెల్ బ్యానో ఉంటే అది తేలాలి. గడువు మాత్రం ఎవరికోసమూ ఆగదు. మళ్లీ ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పలేరు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వితే లాభమేముంది?

కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. పాస్‌పోర్టు, సివిల్ ఐడీ, వీసా జిరాక్సులు ఒక సెట్టు మీ దగ్గర, ఒకటి ఊళ్లో ఉంచండి. అకామా తేదీ గోడమీద రాసుకోండి. మీ పేరున కేసేమైనా ఉందేమో కనుక్కోండి. టికెట్టు డబ్బులు ఎవరికీ అప్పివ్వకుండా పక్కన పెట్టండి. అరబ్బుల ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు కఫీల్ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు ఊళ్లోవాళ్లకు తప్పక చెప్పి ఉంచాలి.

మీరు ఏ దేవుడికి మొక్కినా ఫర్వాలేదు. ఇస్తాడన్న నమ్మకం ఉన్నవాడే పాత్ర కడిగి పెట్టుకుంటాడు.