కొత్త తొట్టెకు పాత స్పాంజి తోడు

ఆకివీడు: పాలు తోడు పెట్టాలంటే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లడం మన ఊళ్లలో మామూలే. రంగు చేపల గాజు తొట్టెకూ అలాగే తోడు కావాలంటే చాలామంది నమ్మరు. ఈ ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాల పిల్లలు మాత్రం ఇప్పుడు నమ్ముతున్నారు. అయితే ఆ పాఠం నేర్చుకునేలోగా వారి చేపలు ఏడు చనిపోయాయి.

చందా వేసుకుని కొన్న చేపలు

ఎనిమిదో తరగతి పిల్లలు తలా పది రూపాయలు వేసుకున్నారు. మిగిలింది సైన్సు మాస్టారు కలిపారు. మూడడుగుల గాజు తొట్టె, గాలి మోటారు, స్పాంజి ఫిల్టరు, పది గోల్డ్ ఫిష్‌లు వచ్చాయి. నీళ్లు పోసిన మర్నాడే చేపలు వేసుకోవచ్చని తొట్టె అమ్మినవారు చెప్పారు. అలాగే వేశారు.

మూడు రోజులు చేపలు హుషారుగా తిరిగాయి. నాలుగో రోజు నుంచి నీటిపైకి వచ్చి నోళ్లు తెరవసాగాయి. తొమ్మిది రోజుల్లో ఏడు పోయాయి. నీళ్లు పాడయ్యాయేమోనని పిల్లలు రోజూ తొట్టె మొత్తం ఖాళీ చేసి, స్పాంజిని కుళాయి కింద పిండి ఉతికేవారు. "ఇంత శుభ్రంగా ఉంచుతున్నాం కదా, ఎందుకు చచ్చిపోతున్నాయి మాస్టారూ?" అని ఒక అమ్మాయి అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పలేకపోయారు.

జవాబు అదే తరగతి విద్యార్థి తల్లి దగ్గర దొరికింది. ఆమె పెరట్లో సిమెంటు తొట్లలో గప్పీలు, మోలీలు పెంచి పట్నం దుకాణాలకు అమ్ముతుంటారు. తొట్టె చూడగానే, "మీరు మరీ కడిగేస్తున్నారండి మాస్టారూ. ఆ స్పాంజికి కాస్త మురికి పట్టనివ్వాలి" అన్నారు. మొదటిసారి తొట్టె పెట్టినప్పుడు ఆమెవి కూడా యాభై మోలీలు వారం రోజుల్లో పోయాయట. అది వడ్డీకి తెచ్చిన డబ్బు.

కంటికి కనిపించని పనివాళ్లు

అమ్మోనియా అనే మాట మన చెరువుల రైతులకు కొత్త కాదు. చేప మొప్పల నుంచి అది వెలువడుతుంది. తినకుండా మిగిలిన మేత, రెట్ట కుళ్లినా అదే పుడుతుంది. చెరువులోనైతే నాచు, అడుగు మట్టి, విస్తారమైన నీరు దాన్ని సర్దుకుంటాయి. నాలుగు గాజు పలకల మధ్య ఆ వసతి ఉండదు. పైగా నీటి పి.హెచ్. 7 ఉన్నప్పటికంటే 8 ఉన్నప్పుడు అమ్మోనియాలో విషపు భాగం దాదాపు పదింతలు అవుతుంది.

తొట్టెలో ఆ పని చేసేవి సూక్ష్మజీవులు. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తంలో చేరితే రక్తం గోధుమ రంగుకు తిరిగి ప్రాణవాయువును మోయలేదు. అందుకే గాలి మోటారు ఆడుతున్నా చేప రొప్పుతుంది. నైట్రేట్ మోతాదు మించనంత వరకు హాని చేయదు, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. రెండు పనులూ ఒక్కటే చేసే బాక్టీరియా ఉందని శాస్త్రవేత్తలు 2015లో కనుగొన్నారు. అలాంటిది ఒకటి దొరికింది కూడా చేపల పెంపకపు ఫిల్టరులోనే.

ఈ బాక్టీరియా స్పాంజికి, గులకరాళ్లకు, గాజుకు అంటుకుని బతుకుతుంది. నీళ్లలో ఉండేది తక్కువ. కనుక పాత తొట్టె నీళ్లు నాలుగు బిందెలు తెచ్చి పోసినా ప్రయోజనం అంతంత మాత్రమే. పెరుగు తోడు రాత్రికి రాత్రి పెరుగుతుంది గాని, ఇది ఒకటి రెండు కావడానికే చాలా గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా పడుతుంది. అందుకే కొత్త తొట్టె కుదుటపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పిల్లలు కుళాయి కింద ఉతికిన ప్రతిసారీ స్పాంజిపై కొద్దికొద్దిగా చేరుతున్న బాక్టీరియా పోయింది. కుళాయి నీటిలో కలిపిన క్లోరిన్ సరిగ్గా ఇలాంటి జీవులను చంపడానికే.

సగం స్పాంజి ఇచ్చారు

ఆ తల్లి తన పాత తొట్టెలోని రెండు స్పాంజిలలో ఒకదానిని సగానికి కోసి, ఆ తొట్టె నీళ్లలోనే ముంచి చిన్న బకెట్టులో తెచ్చారు. గంటలోపు కొత్త ఫిల్టరులో కొత్త స్పాంజి పక్కనే అమర్చారు. మిగిలిన మూడు చేపలను అందులోనే ఉంచారు. తొట్టె ఖాళీగా ఉంచితే అమ్మోనియా దొరకక బాక్టీరియాకు ఆకలి అవుతుందన్నది ఆమె అనుభవం. తన తొట్టెలో మాత్రం కొన్నాళ్లు మేత తగ్గించారు.

ఇలా చేయదలచిన వారికి ఆమె చెప్పే జాగ్రత్తలు ఇవి:

జబ్బు చేపలున్న తొట్టె నుంచి, మందులు వేసిన తొట్టె నుంచి స్పాంజి తీసుకోకూడదు. తెల్లమచ్చ రోగం దానితోపాటే వస్తుంది. స్పాంజిని ఆరనివ్వకూడదు, ఎండలో పెట్టకూడదు. ఇచ్చేవారి ఫిల్టరులో మూడోవంతుకు మించి తీయకూడదు. కుళాయి నీళ్లను వెడల్పు పాత్రలో ఒక రోజు ఉంచి, గాలి పట్టించాక వాడాలి. మోటారు రాత్రింబవళ్లు ఆడాలి. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే గాలి మోటారు తప్పనిసరి. వారానికి నాలుగోవంతు నీరు మారిస్తే చాలు. స్పాంజి మరీ మూసుకుపోతే, తొట్టె నుంచి తీసిన నీళ్లలోనే ఒకసారి జాడించాలి. చేపలను ఒక్కసారిగా కాక, రెండేసి చొప్పున పెంచుకోవాలి.

రెండు వారాల తర్వాత మాస్టారు ఒక సీసాలో నీళ్లు పట్టి, చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో చూపించారు. అమ్మోనియా లేదు, నైట్రైట్ లేదు. నైట్రేట్ మాత్రం కనిపించింది. అంటే పనివాళ్లు కుదురుకున్నారన్న మాట. ఆ తర్వాతే మరో రెండు చేపలు తెచ్చారు.

ప్రస్తుతం తొట్టెలో ఎనిమిది ఉన్నాయి. పక్క ఊరి ప్రాథమిక పాఠశాలవారు కూడా తొట్టె పెట్టబోతున్నారని తెలిసి, ఎనిమిదో తరగతి పిల్లలు తమ స్పాంజిలో కొంత కోసి ఇస్తామని కబురు చేశారు. చేపలు ముందు కొనవద్దని కూడా చెప్పి పంపారు.