ఠాణా మొదలు సెషన్సు కోర్టు వఱకు

బడిపంతులు పని చాలించుకొని యింట గూర్చున్న వానికి ఊరు ఒప్పజెప్పు ఉద్యోగ మేదో మీ రెఱుగుదురు. ఎవరి కే కాగితము వచ్చినను చదివి చెప్పవలెను, అర్జీ వ్రాసి పెట్టవలెను. నా యరుగు మీదికి వచ్చు కాగితములలో కోర్టు సమనులు తఱచు. దానిని తెచ్చినవాడు అడుగు మొదటి మాట యిది: "పంతులుగారూ, పెద్దల్లో రాజీ అయిపోయాం గదండీ, మళ్లీ ఈ కాగితం ఎందుకొచ్చింది?" ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్నచో ఘోరనేరమునకు సంబంధించిన కేసు ఎక్కడ పుట్టి, ఏ మెట్లెక్కి, ఎక్కడ తీఱునో చెప్పవలసియుండును. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

మన పూర్వులు వ్యవహారమునకు నాలుగు పాదములు చెప్పిరి. వాది చెప్పుకొనునది భాషాపాదము, ప్రతివాది బదులు చెప్పునది ఉత్తరపాదము, సాక్ష్యము క్రియాపాదము, నిర్ణయము సాధ్యసిద్ధిపాదము. యాజ్ఞవల్క్యస్మృతిలోని యీ ధర్మములకు విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాయగా, 13వ శతాబ్దమున కేతన దానిని తెలుగు పద్యములలోనికి దెచ్చెను. ఆ శాస్త్రమున చంపుట, దోచుట మొదలగు బలాత్కారకృత్యములకు సాహసమని పేరు. నేడు మనము సాహసమునకు బహుమతు లిచ్చుచున్నాము. మాటల గతి అట్టిది. నాలుగు పాదములును ఇప్పటి కోర్టులో ఏదో రూపమున నున్నవి గాని వాది మాత్రము మాఱినాడు. హత్య కేసులో వాది చనిపోయినవాని భార్య కాదు, కొడుకు కాదు, రాష్ట్రప్రభుత్వము. ఫిర్యాదిచ్చినవాడు వార్త తెచ్చినవాడు మాత్రమే, కోర్టులో అతడొక సాక్షి. తనది కాని కేసును తాను మానుకొనుట యెట్లు? అరుగు మీది ప్రశ్నకు సగము సమాధాన మిందులోనే యున్నది.

చట్టముల పేర్లు ఇటీవల మాఱినవి. 1860 నాటి శిక్షాస్మృతికి బదులుగా భారతీయ న్యాయ సంహిత, 1973 నాటి నేరవిచారణ స్మృతికి బదులుగా భారతీయ నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టమునకు బదులుగా భారతీయ సాక్ష్య అధినియమము 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. మీ రెఱిగిన హత్యా సెక్షను 302 ఇప్పుడు 103 అయినది. మోసమునకు 420 పోయి 318 వచ్చినది గాని, ఊరివారి నోట ఆ పాత సంఖ్య పోవుటకు ఇంకొక తరము పట్టును. ఆ తేదీకి ముందు జరిగిన నేరములకు శిక్ష పాత స్మృతి ననుసరించియే.

ఒక యుదాహరణము చెప్పుకొందము. తెనాలి ప్రాంతమున ఒక పల్లెలో ఇద్దఱు రైతులకు గట్టు తగవు వచ్చినది. మాట పెరిగినది, ఒకడు చేతనున్న పలుగుతో రెండవవాని తలపై కొట్టెను. దెబ్బ తిన్నవానిని గుంటూరు పెద్దాసుపత్రికి గొనిపోయిరి. మూడవనాడు అతడు మరణించెను.

కేసునకు మొదటి కాగితము ప్రథమ సమాచార నివేదిక, ఎఫ్.ఐ.ఆర్. అన్న పేరే మీకు వాడుక. ఒకప్పుడు ఊరిలో ఘోరము జరిగినచో గ్రామ మునసబు వద్దకు పోయి చెప్పగా, అతడు రిపోర్టు వ్రాసి తలారి చేత ఠాణాకు పంపెడివాడు. 1984 జనవరిలో మునసబు కరణముల ఉద్యోగములు రద్దయిన పిదప ఆ మెట్టు పోయినది. ఇప్పుడు ఎవరైనను నేరుగా ఠాణాకు పోవచ్చును. నేరము తమ సరిహద్దులో జరుగలేదని పోలీసువారు త్రిప్పి పంపరాదు. వ్రాసికొని సంబంధించిన ఠాణాకు తామే పంపవలెను. కంప్యూటరు ద్వారా పంపినను చెల్లును గాని మూడు దినములలో సంతకము చేయవలెను. నకలు ఉచితముగా నిత్తురు, అడిగి తీసికొనుడు. ఠాణాలో వ్రాసికొననిచో జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో పంపవచ్చును. అక్కడను పని కాకున్న మేజిస్ట్రేటునకు అర్జీ పెట్టుకొనవచ్చును.

ఈ కాగితము విషయమున మన పల్లెలలో రెండు దోషములు కలవు. మొదటిది ఆలస్యము. పెద్దలు కూర్చుండి ఏమి వ్రాయింపవలెనో ఆలోచించులోపల రాత్రి గడచును. ఆ రాత్రి ఏమి కల్పించిరని ముద్దాయి వకీలు పిమ్మట అడుగును. అడుగుటకు అతనికి హక్కు కలదు. రెండవది మఱింత చెడ్డది. కొట్టినవాడొకడైనచో, వాని అన్నను, తండ్రిని, ఊరిలో లేని బావమఱదిని గూడ చేర్చి వ్రాయించుట. పగ తీఱునని వారి తలంపు. బావమఱది ఆనాడు వేఱొక యూర నుండెనని తేలిన క్షణమున, నిజముగా కొట్టినవాని మీది సాక్ష్యమునకు గూడ మచ్చ పడును. న్యాయమూర్తులు పొల్లును గింజను వేఱుచేయ యత్నింతురు గాని, పొల్లు మిక్కిలియైనచో గింజయు దానితోనే గాలికి పోవును. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేనితో, ఎవరు చూచుచుండగా అను నైదింటికి బదులు వ్రాసిన చాలును.

ఆసుపత్రిలో నున్నవానికి ప్రాణభయము కలదని తోచినచో మేజిస్ట్రేటు వచ్చి మరణవాఙ్మూలము వ్రాసికొనును. చెప్పుటకు తగిన తెలివితో నున్నాడని వైద్యుడు ధ్రువపఱచును. ఆ సమయమున బంధువులు మంచము చుట్టును మూగి మాట అందించుట కూడదు.

మరణించిన పిమ్మట జరుగు శవపంచాయతికి ఆ ప్రాంతమునందలి గౌరవనీయులైన ఇద్దఱు లేక అంతకు మించిన పెద్దలుండవలెను. ఇక్కడనే మీ పని మొదలగును. నన్నును రెండు పర్యాయములు పిలిచియుండిరి. శవముపై గాయ మెక్కడ నున్నది, ఎంత పొడవు, ఏ యాయుధముతో తగిలినట్లు తోచుచున్నది అని వ్రాసి పంచాయతీదారుల సంతకములు తీసికొందురు. చూచినది వ్రాసియున్న సంతకము చేయుడు, చదువక చేయవలదు. ఇల్లు గాలించునపుడు, పలుగు స్వాధీనము చేసికొనునపుడు పంచనామా వ్రాయుదురు. దానిపైనను పెద్దల సంతకములుండును. క్రొత్త సంహిత ప్రకారము గాలింపును వీడియో తీయవలెను గావున, చెట్టునీడను సంతకము పెట్టి యింటిలోపల చూచితినని చెప్పుట యిక కష్టము.

అయితే పోలీసువారు మిమ్ము ప్రశ్నించి వ్రాసికొను వాఙ్మూలము వేఱు. దానిపై మీరు సంతకము చేయనక్కఱలేదు; చేయించుకొనరాదని చట్టమే చెప్పుచున్నది. పంచనామాకు సంతకము కలదు, వాఙ్మూలమునకు లేదు. ఈ భేదము తెలియక కలవరపడినవారిని పెక్కుమందిని చూచితిని. ఇంకొక మాట మన వయసువారికి. అఱువదియేండ్లు దాటిన పురుషుని, ఏ వయసు స్త్రీనైనను, రోగులను, అంగవైకల్యము కలవారిని సాక్ష్యము కొఱకు ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. పోలీసువారే యింటికి వచ్చి ప్రశ్నింపవలెను. తనకు తాను ఇష్టపడి పోయిన అది వేఱు.

ముద్దాయిని పట్టుకొన్న పిమ్మట ప్రయాణకాలము గాక ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందుంచవలెను. హత్యవంటి నేరమున 90 దినములలో, చిన్న నేరములలో 60 దినములలో దర్యాప్తు ముగించి అభియోగపత్రము దాఖలు చేయనిచో, జామీను ఇచ్చుకొన్న ముద్దాయికి బెయిలు హక్కుగా వచ్చును. వాడు ఊరిలో తిరుగుట చూచి "కేసు కొట్టేశారట" అని చెప్పుకొందురు. బెయిలు వేఱు, విడుదల వేఱు. బెయిలు వచ్చినవాడు వాయిదాలకు రావలసినవాడే.

అభియోగపత్రము మొదట మేజిస్ట్రేటు కోర్టునకు చేఱును. ప్రథమశ్రేణి మేజిస్ట్రేటు మూడేండ్లకు మించిన చెఱ విధింపజాలడు గావున, హత్య కేసును విచారించు నధికార మాయనకు లేదు. కేసునకు పి.ఆర్.సి. యని యొక సంఖ్య వేసి, ముద్దాయికి కాగితముల నకళ్లిచ్చి, సెషన్సు కోర్టునకు అప్పగించును. అక్కడ దానికి మఱియొక సంఖ్య పడును. సంఖ్య మాఱినంతనే కేసు మాయమైనదని భయపడవలదు.

జిల్లా కేంద్రమున ఆస్తి తగవులు విచారించునపుడు జిల్లా జడ్జియనియు, నేరములు విచారించునపుడు సెషన్సు జడ్జియనియు పిలువబడువాడు ఒక్కడే. ఆయనకు తోడుగా అదనపు జడ్జిలు తెనాలివంటి పట్టణములందును కలరు. ఒకప్పుడు గ్రామములనుండి వచ్చిన పెద్దలు అసెసర్లుగా జడ్జి ప్రక్కన గూర్చుండి తమ యభిప్రాయము చెప్పెడివారు. 1955 నాటి సవరణతో ఆ పద్ధతి పోయినది. జూరీకి 1973 స్మృతిలో చోటు లేకపోయెను. ఇప్పుడు పెద్దలు నిలుచుండు చోటు సాక్షిబోను మాత్రమే.

విచారణలో రాష్ట్రము పక్షమున పబ్లిక్ ప్రాసిక్యూటరు వాదించును. అతనికి తోడ్పడుటకు బాధితులు కోర్టు అనుమతితో తమ వకీలును పెట్టుకొనవచ్చును. ముద్దాయికి వకీలును పెట్టుకొను శక్తి లేనిచో ప్రభుత్వ ఖర్చుతో కోర్టు ఏర్పాటు చేయును. ఆరోపణ చదివి తెలియజెప్పి, నేర మొప్పుకొందువా యని ముద్దాయి నడుగుదురు. ఒప్పుకొననిచో సాక్షులను పిలుతురు.

సాక్షిని మొదట ప్రాసిక్యూటరు ప్రశ్నించును. ఇది ముఖ్యవిచారణ. తరువాత ముద్దాయి వకీలు అడ్డుప్రశ్నలు వేయును. పెద్దమనుషులు తడబడు చోటు ఇదియే. బడిలో పిల్లవానికి తెలియని ప్రశ్న వేసినచో ఏదో యొకటి చెప్పును. సాక్షిబోనులో అఱువదియేండ్లవాడును అట్లే చేయుట చూచితిని. తెలియదన్న అవమానమని అతని భయము. చూచినది చూచితినని, విన్నది వింటినని, తెలియనిది తెలియదని చెప్పినవానిని ఎంత గొప్ప వకీలును కదలింపజాలడు. దూర మెంత యని అడిగిన గజములు కల్పింపక, "ఆ చింతచెట్టుకును మా దొడ్డికిని ఉన్నంత" అని చెప్పుడు. సాక్ష్యము ముగిసిన పిమ్మట వ్రాసినదానిని చదివి వినిపింతురు. తప్పుగా వ్రాసియున్న అప్పుడే చెప్పవలెను.

ఇక రాజీమాట. చిన్న దెబ్బలు, తిట్లు, కొన్ని యాస్తి నేరములు రాజీ కాదగినవి. కొన్నింటికి కోర్టు అనుమతి వలయును. హత్యకు, మానభంగమునకు రాజీ లేదు. సొమ్ము పుచ్చుకొని అట్టి నేరస్థుని శిక్షనుండి తప్పించుటకు ఒప్పుకొనుటయు ఇచ్చుటయు నేరములే. పంచాయతిలో సొమ్ము లెక్క పెట్టిన పెద్దమనిషి తాను ధర్మము చేసితిననుకొనును గాని, ఆ పూట ముద్దాయి వరుసలో తన పేరును చేర్చుకొన్నవా డగును. రెండు మూడేండ్లకు విచారణ వచ్చునప్పటికి ఇరువైపులవారికి వియ్యమో వ్యాపారమో కుదిరియుండును. చూచిన సాక్షి "నేనేమీ చూడలేదు" అని అడ్డము తిరుగును. అప్పుడు ప్రాసిక్యూటరే వానికి అడ్డుప్రశ్నలు వేయును. అడ్డము తిరిగిన సాక్షి మాటలో నమ్మదగిన భాగమును కోర్టు గ్రహింపవచ్చును గాని, చాల కేసులు అక్కడనే కూలుచున్నవి. చచ్చినవాని భార్య ఆ నాడు కోర్టు వరండాలో ఒంటరిగా నిలుచుండును. ఆమెకు ఊరు ఇచ్చిన రాజీసొమ్ము ఎన్నాళ్లు వచ్చును?

భయపడి అడ్డము తిరుగువారును కలరు. వారికొఱకు 2018లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకము నామోదించెను. జిల్లా జడ్జి అధ్యక్షుడుగా నున్న సంఘమునకు అర్జీ పెట్టుకొన్నచో, అపాయమును బట్టి పోలీసు కావలి మొదలుకొని తగిన రక్షణ కల్పింతురు.

సాక్ష్యము ముగిసిన పిదప, దానిలో నీకు ప్రతికూలమైన మాటలకు నీవేమందువని ముద్దాయి నడుగుదురు. దీనికి ప్రమాణము లేదు. తరువాత ముద్దాయి సాక్షులు, వాదములు. వాదములు ముగిసిన 30 దినములలో, కారణమున్న 45 దినములలో తీర్పు చెప్పవలెను. మన గట్టు తగవున ముందు తలంపు లేక హఠాత్తుగా రేగిన కొట్లాటలో ఒక్క దెబ్బ తగిలెనని తోచినచో, హత్య గాక దానికి తక్కువ నేరముగా కోర్టు నిర్ణయింపవచ్చును. హత్యయే యైన యావజ్జీవము లేక మరణశిక్ష. మరణశిక్షను హైకోర్టు ధ్రువపఱచినగాని అమలుచేయరాదు. సమంజసమైన సందేహ మున్నచో విడుదల.

శిక్షపడినవాడు హైకోర్టునకు అప్పీలు చేసికొనవచ్చును. విడుదలపై ప్రభుత్వమేగాక, 2009 డిసెంబరు 31వ తేదీనుండి బాధితులును, మరణించినవాని వారసులును అప్పీలు చేయు హక్కు పొందిరి. ఖర్చునకు భయపడువారు జిల్లా న్యాయసేవాధికార సంస్థ నడిగినచో అర్హులకు వకీలును ఉచితముగా నిత్తురు; నష్టపరిహారపు అర్జీలును అక్కడనే.

చివరగా ఒక చిన్న సంగతి. సాక్ష్యమునకు వచ్చినవారికి దారిఖర్చును బత్తాయును ఇప్పించు నధికారము కోర్టునకు కలదు. సమను కాగితమును, బస్సు టిక్కెట్టును భద్రపఱచి, సాక్ష్యము చెప్పిన దినముననే కోర్టు గుమాస్తా నడుగుడు.