పాత పంపు ఎవరి చేతిలో, కొత్త పంపు ఎవరి పేరిట?

కాంక్రీటు పంపు పాతబడితే రిపేరు చేయించుకుంటూ నడపాలా, అమ్మేసి కొత్తది తేవాలా? ఇది కాంట్రాక్టర్ తేల్చుకునే లెక్క, మనకెందుకు అనుకోవచ్చు. కానీ ఆ పంపు తొట్టిలో చేయి పెట్టి గడ్డకట్టిన కాంక్రీటు తీసేది ఎవరు? పైపు చివర రబ్బరు గొట్టం పట్టుకుని నిలబడేది ఎవరు? పంపు రాకముందు అదే స్లాబుకు తట్టలు మోసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఇలా అడుగుతూ పోతే లెక్క మన వాడల దాకా వస్తుంది. హెల్పర్‌గా చేరి, ఆపరేటరై, సొంతంగా ఒక పంపు కొనాలని చూస్తున్న దళిత యువకులకైతే ఇది నేరుగా బతుకు ప్రశ్నే.

ముందు యంత్రం సంగతి. తొట్టి కింద రెండు సిలిండర్లు ఉంటాయి. ఒకటి కాంక్రీటును లోపలికి గుంజుకుంటుంటే రెండోది పైపులోకి నెడుతుంది. మధ్యలో ఎస్ ఆకారపు వాల్వు అటూ ఇటూ తిరుగుతూ ఏ సిలిండర్ వంతు వస్తే దానికి దారి కలుపుతుంది. ఇదంతా హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడితో నడుస్తుంది. పైపులో కాంక్రీటు మీద ఒత్తిడి 70 బార్లు దాటగల పంపులు మామూలే. లారీ టైరులో గాలి 8 బార్ల చుట్టుపక్కల ఉంటుందని గుర్తుపెట్టుకుంటే, క్లాంపు ఊడితే ఏమవుతుందో ఊహించవచ్చు. 125 మిల్లీమీటర్ల పైపు మూడు మీటర్ల ముక్కలో పట్టే కాంక్రీటే దాదాపు 88 కిలోలు. పైపు బరువు దానికి అదనం. ఒత్తిడి ఉన్నప్పుడు ఆ క్లాంపు విప్పినవాడి మీదికి వచ్చేది ఈ బరువే.

"పాత యంత్రం" అనే మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకపోతే చర్చ ముందుకు పోదు. మొదటిది అరుగుదల. రబ్బరు పిస్టన్లు, స్పెక్టకిల్ ప్లేటు, కట్టింగ్ రింగు, పైపులు, ఎల్బోలు, క్లాంపుల లోపలి రబ్బరు, ఇవన్నీ అరగడానికే ఉన్న భాగాలు. కొత్త పంపులోనూ అరుగుతాయి. ఇప్పుడు మన దగ్గర వాడేది ఎక్కువగా రోబో ఇసుక. ఏటి ఇసుకలాగా నున్నగా ఉండదు, ప్రతి పలుకుకూ అంచు ఉంటుంది. అందుకే పైపులు ఇంకా తొందరగా పల్చబడతాయి. ఎల్బోలో బయటి వంపు ముందు పోతుంది. అడ్డంగా పరిచిన పైపులో అడుగు ముందు పోతుంది. అందుకే తెలిసిన మేస్త్రీలు పైపును అప్పుడప్పుడూ మూడో వంతు తిప్పి బిగిస్తారు. మందం కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు చేతిలో పట్టేంత చిన్న పరికరం. ఈ పని క్రమం తప్పకుండా చేస్తే లైన్ పంపు చాలా ఏళ్లు నమ్మకంగా నడుస్తుంది. ఇంజిను బాగుండి, సిలిండర్ల లోపలి పూత గీసుకుపోకుండా ఉంటే దాన్ని తుక్కుకు వేయాల్సిన పని లేదు.

రెండోది వేరు, దాన్ని వయసు అనడం కూడా తప్పే. తొట్టి మీద జల్లెడ ఉంటుంది. అది లేపితే లోపల తిరిగే రెక్కలు ఆగిపోయేలా ఒక స్విచ్చి పెడతారు. అది పాడైతే కొత్తది వేయకుండా వైరు కలిపేసి నడిపిస్తారు. పని ఆగదు, కానీ జల్లెడ లేపినా రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. ఇంకో విషయం చాలామంది హెల్పర్లకు ఎవరూ చెప్పరు. ఇంజిను ఆపినా అక్యుములేటర్‌లో ఒత్తిడి నిలిచే ఉంటుంది. ఆ ఒత్తిడి వదిలేయకుండా చేయి పెడితే, ఆగిందనుకున్న వాల్వు ఒక్కసారి తిరగవచ్చు. వేళ్లు, చేతులు పోయేది ఇక్కడే. పైపు జామైనప్పుడు ముందు రివర్స్ కొట్టి ఒత్తిడి తగ్గించాలి. గాలితో పైపు కడిగేటప్పుడు చివర ఎవరూ ఉండకూడదు, స్పాంజి బంతి వచ్చి పడడానికి బుట్ట ఉండాలి. వీలైతే నీళ్లతోనే కడగాలి. లైనులోకి గాలి దూరితే చివరి గొట్టం కొరడాలా కొడుతుంది. ఈ ప్రమాదాలు కొత్త పంపుతోనూ ఉన్నాయి. కాకపోతే పాత పంపులో రక్షణ పరికరాలు ఒక్కొక్కటే ఊడిపోయి ఉంటాయి.

బూమ్ పంపు విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిది. లారీ మీద చేయి చాచినట్టు ఉండే ఆ ఇనుప బూమ్, ప్రతి స్ట్రోకుకూ ఊగుతుంది. ఏళ్ల తరబడి ఊగిన ఇనుములో కంటికి కనిపించని పగుళ్లు వస్తాయి. వాటిని ఊళ్లో వెల్డింగ్ షాపులో అతికించి తిరిగి పనిలోకి తేవడం కింద నిలబడ్డ మనుషులతో జూదం ఆడటమే. పరీక్ష కాగితం లేని పాత బూమ్ పంపు ఎంత తక్కువకు వచ్చినా కొనవద్దు.

ఇక డబ్బు. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు పథకాలు లేవని కాదు. 2016 ఏప్రిల్ 5న మొదలైన స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పు అని చెప్పింది. జాతీయ ఎస్సీ ఎస్టీ హబ్ కింద యంత్రాల కొనుగోలుకు 25 శాతం, గరిష్ఠంగా 25 లక్షల సబ్సిడీ ఉంది. తెలంగాణలో 2014లో టి-ప్రైడ్ వచ్చింది, 2021లో కుటుంబానికి 10 లక్షల దళిత బంధు వచ్చింది. సబ్సిడీ పథకాలు సాధారణంగా కొత్త యంత్రాన్నే చూస్తాయి. కొటేషన్, ఇన్వాయిస్, కంపెనీ వారంటీ ఉంటేనే ఫైలు కదులుతుంది. సెకండ్ హ్యాండ్ పంపు కొనేవాడికి మిగిలేది ప్రైవేటు ఫైనాన్స్, దాని వడ్డీ. అంటే తక్కువ పెట్టుబడి ఉన్నవాడికే అప్పు ఖరీదు. తాత ముత్తాతల నుంచి భూమి ఉన్న కులాల పిల్లలు ఆ భూమి తనఖా పెట్టి కొత్త యంత్రం తెచ్చుకోగలరు. మనవాడు పాత యంత్రంతోనే గడప దాటాలి. పాత యంత్రమంటే ప్రమాదం అని ఊరికే కొట్టిపారేస్తే ఆ గడప కూడా మూసినట్టే.

కొత్తది తెచ్చుకున్నా చిక్కు తీరదు. వాయిదా నెలనెలా కట్టాలి, పని మాత్రం నెలనెలా రాదు. నల్లగొండ జిల్లా కేతేపల్లినే తీసుకోండి. హైదరాబాద్–విజయవాడ హైవే మీద నకిరేకల్, సూర్యాపేటల మధ్య మండల కేంద్రం. కొర్లపహాడ్ టోల్ గేటు ఈ మండలంలోదే. రోడ్డు మీద రెడీమిక్స్ లారీలు పోతుంటాయి కానీ ఊళ్లలో కట్టేవి ఎక్కువగా చిన్న ఇళ్లు. ఇందిరమ్మ ఇల్లు 400 చదరపు అడుగులనుకుందాం. అయిదు అంగుళాల స్లాబుకు పట్టే కాంక్రీటు 5 ఘనమీటర్లు కూడా కాదు. 30 మీటర్ల పైపు లైను వేస్తే ఆ లైనులోనే 0.37 ఘనమీటర్లు నిలుస్తుంది, అంటే దాదాపు పదమూడో వంతు. తొట్టిలో మిగిలేది వేరు. మొదట లైను తడపడానికి పోసే సిమెంటు పాలు వేరు. గంటకు 30 ఘనమీటర్లు పోసే పంపు ఇక్కడ పావు గంట పని కోసం వచ్చి, బిగించడానికీ కడగడానికీ సగం రోజు తీసుకుంటుంది. ఇలాంటి ఊళ్లకు లిఫ్టు ఉన్న మిల్లరు, పది పదిహేను మంది స్లాబు బ్యాచ్ సరిపోతారు. పంపుకు లెక్క కుదరాలంటే అపార్టుమెంట్లు, గోదాములు, వంతెనలు కావాలి. అవి రెడీమిక్స్ కంపెనీల చేతిలో ఉంటాయి, వాళ్లకు సొంత పంపులుంటాయి. సబ్సిడీ వచ్చింది కదా అని కొత్త పంపు తెచ్చి ఇంటి ముందు నిలబెట్టుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి. ఎవరి దగ్గర నెలకు ఎన్ని రోజుల పని మాట ఉందో చూసుకున్నాకే సంతకం పెట్టాలి.

యంత్రం వచ్చి కూలీ పోయిందని బాధపడేవాళ్లున్నారు. నేను పూర్తిగా ఒప్పుకోను. పాలమూరు లేబర్ చరిత్ర మనకు తెలుసు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి, కుటుంబాలకు కుటుంబాలను దేశమంతా డ్యాముల పనికి తోలుకుపోయిన చరిత్ర అది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతికట్టడపు డ్యాము. దాన్ని యంత్రాల కంటే ఎక్కువగా మనుషుల నెత్తులు లేపాయి. ఆ బరువు తలల మీది నుంచి దిగడం మంచిదే. కానీ దిగినప్పుడు ఏం జరిగిందో చూడండి. పంపు దగ్గర ఆపరేటర్ పని, పైపు బిగించే పని మగవాళ్లకు పోయాయి. తట్టలు మోసిన ఆడవాళ్లకు క్యూరింగ్ నీళ్లు చల్లడం, ఊడ్వడం మిగిలాయి. ఆపరేటర్ శిక్షణలో మాదిగ, మాల ఆడపిల్లకు సీటు ఎందుకు ఉండకూడదో ఎవరైనా చెప్పాలి. మీటలు నొక్కే పనికి కండబలం అక్కర్లేదు.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు కాంక్రీటు పంపింగ్ గురించి విడిగా మాట్లాడతాయి. పైపును చివరా, ప్రతి మలుపు దగ్గరా గట్టిగా బిగించాలి. పైపు మోసే పరంజా కాంక్రీటు నిండిన బరువును తట్టుకోవాలి. పంపు చుట్టూ పనిచేసేవాళ్లకు కళ్లద్దాలుండాలి. సైగలు అందరికీ ఒకటే ఉండాలి. పంపు ఏ ఏడాదిదన్నది దీనికి సంబంధం లేని విషయం. పాతదైనా కొత్తదైనా ఇవి చేయాల్సిందే. ఈ చట్టాన్ని 2020 వృత్తి భద్రత కోడ్‌లో కలిపారు కాబట్టి, విద్యార్థులు కొత్త నియమాల్లో ఇవి ఎంతవరకు మిగిలాయో పక్కపక్కన పెట్టి చదవాలి. ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్లు సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. పంపు హెల్పర్లు పంపుతోపాటు ఊళ్లు తిరుగుతుంటారు, వాళ్ల 90 రోజులకు సంతకం పెట్టేవాళ్లు దొరకరు.

మన నేల మీదే జరిగిన ఒక పెద్ద విషాదం ఇక్కడ చెప్పాలి. నల్లగొండకు నీళ్లిచ్చే ఎస్‌ఎల్‌బీసీ సొరంగం 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. ఆగిపోయిన పని తిరిగి మొదలైన కొద్ది రోజులకే ఇది జరిగింది. అందులో నలుగురు జార్ఖండ్ కూలీలు. యంత్రం వయసు వల్లే కూలిందని అనడం సరికాదు, నీటి ఊట, బలహీనమైన రాయి పెద్ద కారణాలు. కానీ ఏ యంత్రాన్ని ఎంతకాలం నడపాలో తేల్చే బల్ల దగ్గర ఆ 8 మంది లాంటివాళ్లు ఎప్పుడూ కూర్చోరు.

పంపు రిపేరుకు నిలిచిన రోజు హెల్పర్‌కు కూలీ ఉండదు. అందుకే స్విచ్చి పాడైనా వైరు కలిపి నడిపిద్దామని ఒక్కోసారి హెల్పరే అంటాడు. దాన్ని అజాగ్రత్త అని రాసేస్తారు. రిపేరు రోజుకు కూడా కూలీ ఇవ్వాలని పని ఒప్పుకునేటప్పుడే మాట్లాడుకుంటే ఆ మాట అనే అవసరం అతనికి రాదు. పంపు యజమాని మనవాడైనా సరే, ఈ మాట అడగాల్సిందే.